చూసే కమాండ్లు, మార్చే కమాండ్లు

టెర్మినల్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్ల చేతికి మొదటి రోజే ఒక జాబితా వస్తుంది. హైదరాబాద్ అమీర్‌పేటలో లినక్స్, క్లౌడ్, డెవాప్స్ కోర్సుల చుట్టూ తిరిగే ఏ విద్యార్థి సంచిలో చూసినా అలాంటి జిరాక్స్ కాగితాలు ఉంటాయి. ఎడమవైపు కమాండు, కుడివైపు ఒక్క ముక్కలో దాని పని. ఫైలును చదివి చూపించే కమాండు ఒక వరుసలో ఉంటే, ఫైలును శాశ్వతంగా తుడిచేసే కమాండు నాలుగు వరుసల కింద ఉంటుంది. రెండూ ఒకే అచ్చులో, ఒకే సైజులో కనిపిస్తాయి. ఏది నిప్పో ఏది నీరో ఆ కాగితం చెప్పదు. అందుకని చదివేవాళ్లు అన్నిటికీ సమానంగా భయపడతారు. ఏదైనా తప్పు కొడితే సిస్టమ్ పాడైపోతుందేమోనని ఎంటర్ మీద వేలు ఆగిపోతుంది.

ఆ భయానికి కారణం లేకపోలేదు. అయితే అది అయిదారు కమాండ్ల దగ్గర ఉండాల్సిన భయం. దాన్ని మొత్తం టెర్మినల్ మీద పరిచేసుకోవడం వల్లే నేర్చుకోవడం ఆగిపోతోంది. అందుకే ఈ అధ్యాయంలో మిమ్మల్ని అడిగేది ఒకటే. కమాండ్లను అక్షరక్రమంలో కాకుండా రెండు కుప్పలుగా వేసుకోండి: ఉన్నదాన్ని చూసేవి, ఉన్నదాన్ని మార్చేవి. మొదటి కుప్పలోనివి ఎన్నిసార్లు తప్పు కొట్టినా మీ ఫైళ్లలో ఒక్క అక్షరం కూడా చెదరదు. చేతికి అలవాటయ్యేదాకా ఆ కుప్పలోనే ఉండండి. రెండో కుప్పలోకి వెళ్లిన ప్రతిసారీ, మార్చే ముందు ఒకసారి మొదటి కుప్పలోకి తిరిగి వచ్చి చూసుకోండి.

కమాండ్లను ఇక్కడ మనం పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే కొట్టాలి. ఒకే కమాండులో ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ వదలడం మరవకండి. లినక్స్‌లో పెద్దబడి, చిన్నబడి వేర్వేరు. ఖాళీ ఉన్నచోటా లేనిచోటా అర్థం మారిపోతుంది.

టెర్మినల్ కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఉంటే కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కండి. మ్యాక్‌లో టెర్మినల్ అని వెతికితే దొరుకుతుంది. విండోస్ 11లో పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్ --ఇన్‌స్టాల్ అంటే చాలు, ఉబుంటు దిగుతుంది. కంప్యూటరే లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ యాప్ వేసుకోండి. ఈ అధ్యాయంలోని పనులు దాదాపు అన్నీ అందులో నడుస్తాయి. లాప్‌టాప్ కొన్నాక మొదలుపెడదామని ఆగిన విద్యార్థులకు గట్టిగా చెబుతున్నాను, ఆ ఎదురుచూపు అనవసరం.

తెరవగానే మీ పేరు, యంత్రం పేరు, ~ గుర్తు, చివర డాలర్ గుర్తు కనిపిస్తాయి. మ్యాక్‌లో డాలర్ బదులు శాతం గుర్తు ఉంటుంది. దీన్ని ప్రాంప్ట్ అంటారు. నేను సిద్ధంగా ఉన్నాను, మీరు చెప్పండి అని దాని అర్థం. పుస్తకాల్లో కమాండు ముందు అచ్చయ్యే డాలర్ గుర్తు ఈ ప్రాంప్టే, దాన్ని కొట్టకూడదు. డాలర్ స్థానంలో # కనబడితే మాత్రం చేతులు వెనక్కి తీసుకోండి. మీరు రూట్‌గా, అంటే ఆ యంత్రానికి సర్వాధికారిగా ఉన్నారన్నమాట. నేర్చుకునేవాళ్లకు అక్కడ పని లేదు.

ఇక మొదటి కుప్ప. పీడబ్ల్యూడీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మీరు ఇప్పుడు ఏ ఫోల్డరులో ఉన్నారో చెబుతుంది. ఎల్‌ఎస్ అనండి, అక్కడ ఏమున్నాయో చూపిస్తుంది. ఎల్‌ఎస్ -ఎల్ అంటే ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస వస్తుంది. దాన్ని కంగారు లేకుండా ఎడమ నుంచి కుడికి చదవండి. మొట్టమొదటి అక్షరం డి అయితే అది ఫోల్డరు, హైఫన్ అయితే మామూలు ఫైలు. తర్వాతి తొమ్మిది అక్షరాలు ఎవరు చదవొచ్చో, ఎవరు రాయొచ్చో, ఎవరు నడపొచ్చో చెబుతాయి. ఆ పైన వచ్చేవాటిలో ఇప్పటికి అక్కరకొచ్చేవి యజమాని పేరు, బైట్లలో పరిమాణం, చివరిసారి మారిన తేదీ, ఫైలు పేరు. ఎల్‌ఎస్ -ఎ అంటే చుక్కతో మొదలయ్యే దాగిన ఫైళ్లు కూడా బయటికొస్తాయి. వాటిని చూసి వైరస్ అనుకుని తుడిచేసేవాళ్లు ఉన్నారు. అవి మీ ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే చోటు.

ఫోల్డరు మారడానికి సీడీ. ఇది ఫైళ్లను ముట్టుకోదు, మీరు నిలబడ్డ చోటును మాత్రం మారుస్తుంది. దారిని రెండు రకాలుగా చెప్పొచ్చు. ఏటవాలు గీత / తో మొదలుపెడితే అది ఉత్తరం మీద రాసే పూర్తి చిరునామా, దేశంలో ఎక్కడ పోస్టు చేసినా ఆ ఇంటికే చేరుతుంది. ఆ గీత లేకుండా మొదలుపెడితే ఇక్కణ్ణుంచి రెండిళ్ల అవతల అని చెప్పడం. ఇక్కడ అంటే ఎక్కడో తెలియకపోతే ఆ మాటకు విలువ లేదు. కొత్తవాళ్ల పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. కమాండు సరైనదే, ఫైలూ ఉంది, కానీ మనిషి వేరే ఫోల్డరులో నిలబడి ఉంటాడు. అందుకే పీడబ్ల్యూడీని ఒకసారి నేర్చుకుని వదిలేయకండి, అనుమానం వచ్చినప్పుడల్లా అడగండి. రెండు చుక్కలు అంటే పై ఫోల్డరు, ఒక చుక్క అంటే ఇదే ఫోల్డరు, ~ అంటే మీ సొంత ఇల్లు. ఎంత లోపల తప్పిపోయినా ఉత్తి సీడీ కొడితే ఇంటికి వచ్చేస్తారు.

ఫైలు లోపల ఏముందో చూడాలంటే క్యాట్. చిన్న ఫైళ్లకు అది చాలు. పెద్దవాటికి లెస్ వాడండి, పేజీ పేజీగా చూపిస్తుంది. లెస్‌లోకి వెళ్లాక బయటికి రావడం తెలియక కిటికీయే మూసేసేవాళ్లు చాలామంది. క్యూ నొక్కితే బయటికొస్తారు. మ్యాన్ అని కొట్టి పక్కన ఏ కమాండు పేరు రాసినా దాని కరదీపిక తెరుచుకుంటుంది. మామూలుగా అది కూడా లెస్‌లోనే తెరుచుకుంటుంది కనుక అక్కడా క్యూ. లినక్స్‌కు మాతృక అయిన యూనిక్స్ మొదటి ఎడిషన్ మాన్యువల్ 1971 నవంబరులో వచ్చింది. కమాండు పేరు, వాడే తీరు, వివరణ అంటూ పేజీని విడదీసే పద్ధతి అప్పటిదే, ఈనాటికీ అదే నడుస్తోంది. పేజీ మొత్తం చదవాలనుకుంటే నీరసం వస్తుంది. వాడే తీరు చూసి, -ఎల్ లాంటి ఐచ్ఛికాల్లో మీకు కావలసినది ఒక్కటి వెతుక్కుని బయటికి రండి.

ఇన్ని కమాండ్లకు ఇంత పొట్టి పేర్లెందుకని అడుగుతారు. యూనిక్స్ పుట్టింది 1969లో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందున్నది ఇప్పటిలాంటి తెర కాదు, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్. ఆ కాలంలో విరివిగా వాడిన మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు మాత్రమే కొట్టగలిగేది, మీటలు బరువుగా ఉండేవి. అలాంటి చోట రెండక్షరాల పేరు పెద్ద ఉపకారం. పని సవ్యంగా జరిగితే ఏమీ చెప్పకపోవడం కూడా ఆ పరిస్థితికి సరిపడిన మర్యాదే.

ఈ మౌనం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఫైలును కాపీ చేయమంటారు, టెర్మినల్ ఒక్క మాట కూడా అనకుండా మళ్లీ ప్రాంప్ట్ చూపిస్తుంది. ఫోన్‌లో ప్రతి పనికీ టిక్కు గుర్తూ చప్పుడూ అలవాటైన మనకు అది పని జరగనట్టు అనిపిస్తుంది. దాంతో అదే కమాండు మళ్లీ కొడతారు, ఇంకోసారి కొడతారు. మౌనం అంటే పని అయిందని అర్థం. నమ్మకం కుదరకపోతే ఎల్‌ఎస్ కొట్టి చూసుకోండి. పాస్‌వర్డ్ అడిగినప్పుడు కూడా ఇంతే. మీరు కొడుతుంటే అక్షరాలు గానీ చుక్కలు గానీ కనబడవు. కీబోర్డు చెడిపోలేదు, కొట్టడం పూర్తిచేసి ఎంటర్ నొక్కండి.

యంత్రం నోరు విప్పిందంటే మాత్రం వినాలి. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలు ఇక్కడ వెనక్కి తగ్గడం చూస్తే బాధేస్తుంది. తెర మీద ఇంగ్లీషు వాక్యం కనబడగానే తమ ఇంగ్లీషే తక్కువ అనుకుంటారు, చదవకుండానే కిటికీ మూసేస్తారు. నిజానికి టెర్మినల్ ఇంగ్లీషు చాలా చిన్నది. మొదటి నెలలో మీకు ఎదురయ్యే ఫిర్యాదుల్లో చాలావరకు మూడు వాక్యాల్లోనే ఉంటాయి. కమాండ్ నాట్ ఫౌండ్ అంటే మీరు కొట్టిన పేరుతో కమాండేదీ లేదు, అక్షరం తప్పింది లేదా ఆ ప్రోగ్రామ్ ఇంకా వేసుకోలేదు. నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అంటే కమాండు బాగానే ఉంది, మీరు చెప్పిన చోట ఆ ఫైలు లేదు. అప్పుడు పీడబ్ల్యూడీ, ఎల్‌ఎస్ కొట్టండి. పర్మిషన్ డినైడ్ అంటే ఫైలు ఉంది, మీకు హక్కు లేదు. ఈ మూడూ మీ మీద తీర్పులు కావు, మూడు వేర్వేరు చోట్లకు చూపించే వేళ్లు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా వీటిని ఒక్కొక్కటిగా ఇలాగే నేర్చుకున్నారు. ఎంత సేపు ఆలోచించినా ఈ యంత్రం విసుక్కోదు, పక్కవాళ్లకు చెప్పదు. నేర్చుకునే మనిషికి ఇంతకంటే మంచి తోడు అరుదు.

టాబ్ మీట గురించి ఒక్క మాట, ఇది అన్నిటికంటే విలువైన అలవాటు. ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి టాబ్ నొక్కండి, మిగతాది టెర్మినలే పూర్తిచేస్తుంది. శ్రమ తగ్గడం దాని చిన్న లాభం. పెద్ద లాభం వేరే ఉంది. టాబ్ పేరును పూరించిందంటే ఆ ఫైలు అక్కడ ఉందని ఎంటర్ కొట్టకముందే రుజువైంది. పూరించలేదంటే మీరు తప్పు చోట ఉన్నారు, లేదా పేరు తప్పు, లేదా ఆ అక్షరాలతో ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లు ఉన్నాయి. ఇంకోసారి టాబ్ నొక్కితే ఆ జాబితా వస్తుంది. అంటే టాబ్ కూడా చూసే కుప్పలోదే. పెళ్లి ఫొటోలు అని రెండు మాటలతో పేరు పెట్టుకున్న ఫోల్డరుకు సీడీ కొట్టి చూడండి. మధ్యనున్న ఖాళీ వల్ల టెర్మినల్ వాటిని రెండు వేర్వేరు పేర్లు అనుకుంటుంది. పేరు చుట్టూ కోట్ గుర్తులు పెట్టాలి. టాబ్ అయితే ఆ జాగ్రత్త తానే తీసుకుంటుంది.

చేయి జారినప్పుడు పనికొచ్చే మీటలు కొన్ని ఉన్నాయి. నడుస్తున్న కమాండును ఆపాలంటే కంట్రోల్ సి. లినక్స్ టెర్మినల్‌లో కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కాలి. ఫైలు సేవ్ చేసే అలవాటుతో కంట్రోల్ ఎస్ నొక్కితే తెర స్తంభించిపోయినట్టు ఉంటుంది, కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. పై బాణం మీట వెనకటి కమాండ్లను ఒక్కొక్కటిగా తెస్తుంది.

చూసే కుప్పలోనే ఉండి పెద్ద పనులు చేయొచ్చా? చేయొచ్చు, అందుకు పైపు ఉంది. నిలువు గీత | ఒక కమాండు చెప్పినదాన్ని పక్క కమాండు చెవిలో వేస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్రాయ్ ఈ ఆలోచనను ఏళ్ల తరబడి పట్టుకుని ఉన్నారు, 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టారు. ఒక ఫోల్డరులో ఎన్ని ఫైళ్లున్నాయో కావాలంటే ఎల్‌ఎస్ | డబ్ల్యూసీ -ఎల్. డబ్ల్యూసీ వరుసలు లెక్కపెట్టే కమాండు. లాప్‌టాప్‌లో జాగా ఎవరు తింటున్నారో తెలియాలంటే డీయూ -ఎస్‌హెచ్ * | సార్ట్ -హెచ్. నక్షత్రం * అంటే ఏ పేరైనా సరే అని. డీయూ ఒక్కో ఫోల్డరు బరువు చెబుతుంది, సార్ట్ వాటిని చిన్నవాటి నుంచి పెద్దవాటికి పేరుస్తుంది. అన్నిటికంటే బరువైనది చివరి వరుసలో ఉంటుంది. ఇంత చేసినా ఒక్క ఫైలు కూడా కదల్లేదని గమనించండి.

ఇప్పుడు మన భాషతో ఒక ప్రయోగం. మీరు రాసిన కథో వ్యాసమో ఏదైనా మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకోండి, దానికి కథ అనే తెలుగు పేరే పెట్టండి. లినక్స్ ఫైలు పేర్లకు ఇంగ్లీషే కావాలన్న నియమం లేదు. అందులో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో తెలుసుకుందాం. ఒకేసారి మొత్తం కొట్టకండి, ఒక్కో పైపు చేర్చి ఫలితం చూస్తూ వెళ్లండి. మొదట క్యాట్ కథ. దానికి పైపు పెట్టి టీఆర్ ' ' '\ఎన్' చేర్చండి. టీఆర్ ఒక అక్షరం బదులు ఇంకోటి పెడుతుంది. ఇక్కడ ఖాళీ బదులు కొత్త వరుస పెట్టమన్నాం కనుక మాటలన్నీ ఒకదాని కింద ఒకటి దిగుతాయి. తర్వాత సార్ట్, ఒకే మాటలు పక్కపక్కకు చేరతాయి. తర్వాత యునిక్ -సి, పక్కపక్కనున్న ఒకేలాంటి వరుసలను ఒకటిగా మడిచి ముందు లెక్క రాస్తుంది. పక్కపక్కన లేనివాటిని అది పట్టించుకోదు, ముందు సార్ట్ పెట్టింది అందుకే. తర్వాత సార్ట్ -ఎన్ఆర్, పెద్ద లెక్కలు పైకి. చివర హెడ్, మొదటి 10 వరుసలు. పూర్తి వరుస ఇలా ఉంటుంది:

క్యాట్ కథ | టీఆర్ ' ' '\ఎన్' | సార్ట్ | యునిక్ -సి | సార్ట్ -ఎన్ఆర్ | హెడ్

మీరు రాతలో ఏ మాటను అతిగా వాడుతున్నారో ఇది మొహమాటం లేకుండా చెబుతుంది. వచ్చాడు అనే మాట, కామాతో కూడిన వచ్చాడు అనే మాట వేర్వేరుగా లెక్కకు రావడం గమనిస్తారు. క్యాట్ తర్వాత టీఆర్ -డి ',.' అనే ఇంకో మెట్టు పెడితే కామాలు, చుక్కలు రాలిపోతాయి. రాలేది పైపులో పారే నకలు నుంచే, ఫైలులో అవి అలాగే ఉంటాయి. ఈ లెక్కకు పెద్ద చరిత్ర ఉంది. 1986లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ బెంట్లీ పత్రికలో తాను రాసే ప్రోగ్రామింగ్ పెర్ల్స్ శీర్షిక కోసం సరిగ్గా ఇదే సమస్యను మరో శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్‌కు ఇచ్చారు. నూత్ పేజీల కొద్దీ సాగే అందమైన ప్రోగ్రామ్ రాశారు. దాన్ని సమీక్షించిన మెకిల్రాయ్ ఆ నిర్మాణాన్ని మెచ్చుకుంటూనే, ఆరు కమాండ్ల పైపుతో అదే పని చేసి చూపించారు. మీరు ఇప్పుడు కొట్టింది ఆ పైపుకు దగ్గరి చుట్టం.

అక్షరాల లెక్క కూడా చూడండి. ఎకో మీరిచ్చిన మాటను అలాగే తిరిగి పలుకుతుంది. ఎకో అమ్మ | డబ్ల్యూసీ -సి అని కొడితే 13 వస్తుంది. అది బైట్ల లెక్క. -సి బదులు అక్షరాలు లెక్కపెట్టే -ఎం పెడితే 5. అమ్మలో మనకు కనిపించేవి రెండే కదా. యూనికోడ్‌లో అది అ, మ, పొల్లు, మ అని నాలుగు ముక్కలు. ఎకో చివర చేర్చే వరుస ముగింపుతో అయిదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు 3 బైట్లు కావాలి, నాలుగు ముక్కలకు 12, వరుస ముగింపుకు ఒకటి, మొత్తం 13. ఈ యూటీఎఫ్-8ను 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో బల్ల మీద పరిచే కాగితంపై రూపొందించింది రాబ్ పైక్, కెన్ థాంప్సన్. టెలిటైప్ ముందు కూర్చుని యూనిక్స్ మొదలుపెట్టిన ఆ థాంప్సనే. ఈ రోజు టెర్మినల్‌లో తెలుగు పేరుతో ఫైలు పెట్టుకోగలుగుతున్నామంటే ఆ ఇద్దరికీ మనం రుణపడి ఉన్నాం. చాలా టెర్మినళ్లు ప్రతి ముక్కనూ ఒక గడిలో కూర్చోబెట్టాలని చూస్తాయి కనుక ఒత్తులూ గుణింతాలూ చెదిరినట్టు కనబడవచ్చు. అది తెర లోపం, ఫైలులో రాత పదిలంగా ఉంటుంది. ఎడిటర్‌లో తెరిచి చూసుకోండి.

ఇక మార్చే కుప్ప. ముందు ఆడుకోవడానికి ఒక చోటు కట్టుకోండి. ఎంకేడిర్ అభ్యాసం అంటే ఆ పేరుతో ఫోల్డరు వస్తుంది, సీడీ అభ్యాసం అని లోపలికి వెళ్లండి. టచ్ అనే కమాండు ఖాళీ ఫైళ్లను పుట్టిస్తుంది. వాటిని సీపీతో కాపీ చేయండి, ఎంవీతో పేరు మార్చండి, చోటు మార్చండి. ఎంవీ దగ్గర ఒక జాగ్రత్త. మీరు ఇవ్వబోయే కొత్త పేరుతో ఇప్పటికే ఫైలు ఉంటే, పాతదాన్ని నిశ్శబ్దంగా చెరిపి ఇది కూర్చుంటుంది. సీపీ కూడా అంతే. రెండిటికీ పక్కన -ఐ పెడితే అడిగి చేస్తాయి, కనీసం కొత్తలో అలా పెట్టండి. > గుర్తు కమాండు ఫలితాన్ని ఫైలులోకి పంపిస్తుంది, కానీ ఆ ఫైలులో ముందున్నదంతా తుడిచేసి పంపిస్తుంది. పాతదాన్ని ఉంచి చివర చేర్చాలంటే రెండు గుర్తులు, >>. ఇందాకటి పైపు చివర > కథ అని పెట్టారనుకోండి, లెక్కా రాదు, కథా మిగలదు. కథను చదవడం మొదలుకాకముందే షెల్, అంటే టెర్మినల్‌లో మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్, సాధారణంగా ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది.

అన్నిటికంటే బరువైనది ఆర్‌ఎం. తుడిచినవి చెత్తబుట్టలోకి వెళ్లవు, వెనక్కి తేవడానికి మీట లేదు. ఆర్‌ఎం -ఆర్ ఫోల్డరునూ దాని కడుపులో ఉన్నదంతటినీ తీసేస్తుంది, -ఎఫ్ కూడా చేరిస్తే అడగనైనా అడగదు. 1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా ఎవరో ఇలాంటి ఆర్‌ఎం కమాండు నడిపారు. ఆ సినిమా ఫైళ్లు ఒక్కొక్కటిగా మాయమవుతుండగా ఉద్యోగులు తెర మీద చూస్తూ ఉన్నారు. యంత్రాన్ని ఆపేలోపే చాలా భాగం పోయింది. బ్యాకప్ తీసి చూస్తే అది కూడా సరిగా పనిచేయడం లేదని బయటపడింది. గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తూ ఉండడం వల్ల ఆమె ఇంట్లోని కంప్యూటరులో ఒక నకలు ఉంది. దాని ఆధారంగా సినిమాను నిలబెట్టారు, 1999 నవంబరులో విడుదలైంది. అంతటి చోట, అంతటి నిపుణుల మధ్య జరిగిందంటే ఆర్‌ఎం ముందు ఎంతటివాళ్లయినా ఆగి చూడాల్సిందే.

ఆగి చూడడమంటే చేతల్లో ఇదీ. పనికిరాని .జేపీజీ ఫొటోలన్నీ తుడవాలి. నేరుగా ఆర్‌ఎం *.జేపీజీ కొట్టకండి. ముందు పీడబ్ల్యూడీ, ఎక్కడున్నారు? తర్వాత ఎల్‌ఎస్ *.జేపీజీ. నక్షత్రం ఏయే పేర్లను పట్టుకుంటుందో ఇప్పుడు మీ కళ్ల ముందు ఉంది. ఆ జాబితాలో ఉండకూడని పేరు ఒక్కటి ఉన్నా ఆగిపోవచ్చు, ఇంకా ఏమీ జరగలేదు. అంతా సరిగా ఉంటే పై బాణం నొక్కి, ఆ వరుసలో ఎల్‌ఎస్ తీసి ఆర్‌ఎం పెట్టండి. నక్షత్రం నుంచి చివరిదాకా మళ్లీ కొట్టొద్దు, అసలు కిటుకు అక్కడే ఉంది. కొత్తగా కొట్టేటప్పుడు నక్షత్రానికీ చుక్కకూ మధ్య పొరపాటున ఒక ఖాళీ పడిందనుకోండి. నక్షత్రం ఒంటరిగా నిలబడి ఆ ఫోల్డరులో కనిపించే ఫైళ్లన్నిటినీ పట్టుకుంటుంది, ఆర్‌ఎం అన్నిటినీ తీసేస్తుంది. ఆ తర్వాత .జేపీజీ అనే ఫైలు లేదని ఒక చిన్న ఫిర్యాదు వస్తుంది. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

సుడో గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక కమాండును సర్వాధికారి హోదాలో నడిపించే మాట అది. పర్మిషన్ డినైడ్ అనగానే ముందు సుడో తగిలించి మళ్లీ కొట్టడం కొత్తవాళ్లలో వ్యాపించిన దురలవాటు. వద్దన్నది ఎందుకో ముందు చూడండి. చాలాసార్లు మీరు మీ ఇంట్లో కాకుండా సిస్టమ్ ఫోల్డరులో ఉంటారు, అంతే. ప్రోగ్రాములు వేసుకోవడానికి సుడో తప్పదు. ఎవరో ఇచ్చిన కమాండులో సుడో ఉంటే మాత్రం, అందులోని ప్రతి ముక్కనూ మ్యాన్ పేజీలో చూసి అర్థమయ్యాకే కొట్టండి. అర్థం కాకపోతే కొట్టకండి.

ఈ చదువంతా చివరికి ఎక్కువగా అక్కరకొచ్చేది మీ ముందు లేని యంత్రం మీద. ఉద్యోగంలో మీకు అప్పగించే సర్వర్లు ఎక్కడో డేటా సెంటరులో ఉంటాయి. చాలావాటికి తెరా లేదు, మౌసూ లేదు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ప్రతి ఒక్కటీ లినక్స్ మీదే నడుస్తోంది. వాటిలోకి వెళ్లే తలుపు ఎస్‌ఎస్‌హెచ్. 1995లో ఫిన్లాండ్‌లో తాతు యిలోనెన్ రాసిన ప్రోగ్రామ్ అది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లాక కూడా కనిపించేది అదే నల్ల తెర, అదే ప్రాంప్ట్. మీ లాప్‌టాప్ కిటికీ, సర్వరు కిటికీ పక్కపక్కన పెడితే తేడా పోల్చుకోవడం కష్టం. ఒక దానిలో కొట్టాల్సిన ఆర్‌ఎం ఇంకోదానిలో కొట్టడానికి ఒక్క క్షణం ఏమరుపాటు చాలు. కాబట్టి ఏ కిటికీలోనైనా మార్చే కమాండు కొట్టే ముందు మూడు అడగండి. హోస్ట్‌నేమ్, ఇది ఏ యంత్రం. హూయామై, నేను ఏ పేరుతో ఉన్నాను. పీడబ్ల్యూడీ, ఏ ఫోల్డరులో ఉన్నాను. మూడిటికీ వచ్చిన జవాబులు పైకి చదివి, అప్పుడు పని మొదలుపెట్టండి.

సర్వరు ఇంకా దొరకనివాళ్లు ఫోనులోని టెర్మక్స్‌లోనో సొంత లాప్‌టాప్‌లోనో అభ్యాసం ఫోల్డరులోనే ఈ వారం గడపండి. రోజూ ఒక నిజమైన పని పెట్టుకోండి: డౌన్‌లోడ్లలో ఏది ఎంత బరువో చూడడం, కాలేజీ నోట్సును సబ్జెక్టుల వారీగా ఫోల్డర్లలో సర్దడం, మీ రాతలో మాటలు లెక్కపెట్టడం. రాత్రి హిస్టరీ అని కొట్టండి, మీరు కొట్టినవి వరుసగా వస్తాయి, ఆ రోజువి చివర ఉంటాయి. ఒక్కో వరుస పక్కన అది చూసేదా మార్చేదా అని నోటుబుక్కులో గుర్తు పెట్టండి. మార్చే ప్రతి వరుసకు ముందు కనీసం ఒక చూసే వరుస కనబడడం మొదలయ్యాక తర్వాతి అధ్యాయానికి రండి. ఎల్‌ఎస్ -ఎల్ వరుసలో మనం దాటేసిన ఆ తొమ్మిది అక్షరాలను అక్కడ ఒక్కొక్కటిగా విప్పుదాం.